ఉబ్బసానికి యాంటీబయాటిక్: ఎప్పుడు అవసరం, ఎప్పుడు అనవసరం?

ఆయాసం, పిల్లికూతలు ఎక్కువై ఆసుపత్రికి వెళ్లిన ఉబ్బస రోగి మందుల చీటీలో తరచూ ఒక యాంటీబయాటిక్ కూడా చేరుతుంది. అయితే అత్యధిక సందర్భాల్లో దానివల్ల ఉబ్బసానికి ప్రయోజనం ఉండదు. కారణం ఆ వ్యాధి స్వభావంలోనే ఉంది.

ఉబ్బసం బ్యాక్టీరియా వల్ల కలిగే వ్యాధి కాదు. శ్వాసనాళాల లోపలి పొరలో దీర్ఘకాలం కొనసాగే వాపు దీనికి మూలం. జలుబు కలిగించే రైనోవైరస్‌లు, దుమ్ము, పుప్పొడి, పొగ వంటివి తోడైనప్పుడు నాళాలు బిగుసుకుని, కఫం పేరుకుంటుంది. యాంటీబయాటిక్స్ వైరస్‌లను చంపలేవు, నాళాల బిగువునూ సడలించలేవు. ఆ పని చేసేవి నాళాలను విప్పార్చే ఇన్‌హేలర్లు, వాపును అణచే స్టెరాయిడ్లు.

కఫం రంగు మారితే ఇన్ఫెక్షన్ సోకినట్లేనన్న నమ్మకమూ పూర్తిగా సరికాదు. ఉబ్బసంలో పెరిగే ఇసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాల వల్ల కూడా కఫం పసుపు, ఆకుపచ్చ రంగులోకి మారవచ్చు. జ్వరంతో పాటు చీములాంటి కఫం, ఎక్స్‌రేలో న్యుమోనియా ఆనవాళ్లు వంటి బలమైన ఆధారాలుంటే తప్ప, ఉబ్బసం ఉద్ధృతమైనప్పుడు యాంటీబయాటిక్స్‌ను సాధారణంగా వాడరాదని అంతర్జాతీయ సంస్థ ‘జినా’ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.

బ్రిటన్‌లో జరిగిన ‘అజేలియా’ అధ్యయనంలో సాధారణ చికిత్సకు తోడు అజిత్రోమైసిన్ ఇచ్చినా రోగుల్లో చెప్పుకోదగ్గ అదనపు మేలు కనిపించలేదని 2016లో వెల్లడైంది. అధ్యయనంలో చేర్చుకున్న ఒక్కొక్కరికి పదిమందికి పైగా రోగులను, అప్పటికే యాంటీబయాటిక్ వాడుతున్నందున పక్కనపెట్టాల్సి వచ్చింది. అనవసర వాడకం ఎంత విస్తృతమో ఇది చాటుతోంది.

ఒక మినహాయింపు ఉంది. ఆస్ట్రేలియాలో 420 మంది పెద్దలపై జరిగిన ‘అమేజెస్’ ప్రయోగ ఫలితాలు 2017లో ప్రచురితమయ్యాయి. ఇన్‌హేలర్లు వాడుతున్నా ఉబ్బసం అదుపులోకి రాని వీరిలో కొందరికి 500 మిల్లీగ్రాముల అజిత్రోమైసిన్‌ను వారానికి మూడుసార్లు, 48 వారాలు ఇవ్వగా ఉద్ధృతులు గణనీయంగా తగ్గాయి. అయితే ఇది నిపుణుల పర్యవేక్షణలో, ఈసీజీ, కఫం పరీక్షల అనంతరం మాత్రమే ఆలోచించాల్సిన చికిత్స. ఈ మందు గుండె లయను, వినికిడిని దెబ్బతీసే అవకాశముంది.

ఉబ్బసానికి థియోఫిలిన్ వాడేవారికి మరో ముప్పు పొంచి ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ రక్తంలో థియోఫిలిన్ మోతాదును ప్రమాదకర స్థాయికి పెంచగలవు. అనవసర వాడకంతో మందులకు లొంగని బ్యాక్టీరియా పెరగడం వీటన్నిటికీ మించిన నష్టం. యాంటీబయాటిక్ రాసేటప్పుడు అందుకు కారణాన్నీ చీటీలో పేర్కొనాలని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ 2024 జనవరిలో వైద్యులను కోరింది.

అందువల్ల ‘ఈ మందు ఏ ఇన్ఫెక్షన్ కోసం?’ అని వైద్యుణ్ని అడిగే హక్కు రోగికి ఉంది. ఇన్ఫెక్షన్ నిర్ధారణ అయితే మాత్రం సూచించిన కోర్సును మధ్యలో సొంతంగా ఆపకూడదు. యాంటీబయాటిక్ రాసినా, రాయకపోయినా, వాపును అదుపులో ఉంచే ఇన్‌హేలర్‌ను వైద్యుడు చెప్పినట్లు కొనసాగించాల్సిందే.