ఏడాదిన్నర ముట్టడికి నిలిచిన ఉదయగిరి

* కొండే కోట.. ఒంటిబాటే రక్షణ
* చూడాల్సినవి దుర్గం, ఆలయాలు, కొయ్య చెంచాల పల్లె పనితనం

ఉదయగిరి: నెల్లూరు జిల్లా పడమటి అంచున, వెలికొండల ఒడిలో ఒదిగిన చిన్న పట్టణం ఉదయగిరి. బస్సు దిగి తల పైకెత్తితే చాలు, నిట్టనిలువు రాతిగోడలా దుర్గం కొండ కనిపిస్తుంది. దాని ఎత్తు సముద్ర మట్టానికి 3,079 అడుగులు. చాలామంది కింది నుంచే చూసి, ఫొటో తీసుకుని వెనుదిరుగుతారు. ఈ ఊరి చరిత్ర అర్థం కావాలంటే మాత్రం ఆ కొండ ఎక్కాల్సిందే.

ఎందుకంత పట్టు?
కృష్ణా తీరానికీ పెన్నా తీరానికీ నడుమ తూర్పు సీమపై అదుపు కావాలంటే ఉదయగిరి చేతిలో ఉండాలి. అందుకే విజయనగర పాలకులు 14వ శతాబ్దంలోనే దీన్ని ఒక రాజ్యానికి కేంద్రంగా చేసుకున్నారు. 15వ శతాబ్దంలో ఇది ఒడిశా గజపతుల వశమైంది. దానిని తిరిగి సాధించేందుకు శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి ఆరంభించారు. కోట లొంగింది 1514 జూన్‌లో. సుమారు ఏడాదిన్నర పట్టింది.

ఆ జాప్యానికి కారణాన్ని పోర్చుగీసు వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్ తన రచనలో వివరించాడు. కోటకు ఒకే దారి ఉండేదనీ, అందులో ఒకరి వెనుక ఒకరుగా మాత్రమే నడవగలిగేవారనీ, రాయలు బండలు పగులగొట్టించి వెడల్పాటి బాటలు వేయించాడనీ ఆయన రాశాడు. కోటలో పదివేల కాల్బలం, నాలుగు వందల గుర్రాలు ఉండేవని ఆయన లెక్క. విజయానంతరం రాయలు దేవేరులతో తిరుమల వెళ్లి 1514 జూలైలో స్వామివారికి కానుకలు సమర్పించినట్లు అక్కడి శాసనాలు చెబుతున్నాయి.

విగ్రహం వెళ్లింది.. తిరిగి రాలేదు
గెలుపునకు గుర్తుగా ఉదయగిరి బాలకృష్ణుని విగ్రహాన్ని రాయలు హంపీకి తరలించి, 1515లో ప్రత్యేకంగా కట్టించిన ఆలయంలో ప్రతిష్ఠించారు. కాలక్రమంలో హంపీ కూడా శిథిలమైంది. దెబ్బతిన్న ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. హంపీ గర్భాలయం ఖాళీగా ఉంది. ఉదయగిరికి మిగిలింది ఆ కథ మాత్రమే.

రాయల తర్వాత దుర్గం గోల్కొండ కుతుబ్‌షాహీల చేతికి, అనంతరం ఆర్కాటు నవాబుల జాగీరుగా వేరొకరి చేతికి మారింది. చివరి జాగీర్దారును కుట్ర ఆరోపణపై ఆంగ్లేయులు 1839లో తొలగించారు. ఇన్ని పాలనల ఆనవాళ్లు ఒకే కొండపై కనిపించడమే ఇక్కడి విశేషం. ఆలయ మండపాలు, మసీదు, బురుజులు, గోడలు నడకదారి పొడవునా పలకరిస్తాయి.

చేతిలో పట్టే చరిత్ర
కొండ దిగాక చూడాల్సింది కొయ్య చెంచాల తయారీ. నర్ది, బిక్కి, దేవదారి వంటి అడవి కర్రతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు, దువ్వెనలు చెక్కుతారు. పిడులపై సన్నని నగిషీ వీటి ప్రత్యేకత. పనిలో మహిళలదే అధిక భాగం. ఈ కళకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడా లభించింది. కర్ర వచ్చేది చుట్టుపక్కల కొండల నుంచే. అడవి పలచబడితే కోటకంటే ముందు ఈ పనే ఆగిపోతుంది. నేరుగా పనివారి వద్ద కొంటే నాలుగు రూపాయలు వారికే చేరతాయి.

వెళ్లేవారికి సూచనలు
నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా సుమారు 100 కిలోమీటర్ల ప్రయాణం. శీతాకాలం అనుకూలం. వేసవిలో బండలు కాలిపోతాయి. తెల్లవారుతూనే నడక మొదలుపెట్టాలి. తాగునీరు, తినుబండారాలు వెంట తీసుకెళ్లాలి. దారి తెలిసిన స్థానికుడు తోడుంటే మేలు. ఒంటరిగా వెళ్లరాదు. ఎండ ముదరకముందే దిగడం మంచిది.

గోడలపై పేర్లు చెక్కడం, గుప్తనిధుల ఆశతో తవ్వడం ఇలాంటి కోటలకు తుపాకుల కంటే ఎక్కువ చేటు. రాయల సైన్యానికి ఏడాదిన్నర పట్టిన పని, ఒక గునపం ఒక్క రాత్రిలో చేయగలదు. విగ్రహం ఎక్కడుందో నేడు మనకు తెలుసు. పగిలిన రాయి ఎక్కడికి పోయిందో రేపు చెప్పేవారుండరు.