గులాబిని ఎప్పుడు నాటవలెను?

వేసవి సెలవులలో ముచ్చటపడి, మూడు పూలతో నిలిచిన గులాబి మొక్కను కొని తెచ్చి పెరటిలో నాటుట అనేక గృహములలో జరుగు పని. మంచి గొయ్యి తీసి, చివికిన ఎరువు వేసి, రెండు పూటల నీరు పోసినను పది దినములలో ఆకులు వాడి రాలును. నెల తిరుగకముందే కొమ్మలు నల్లబడును. అదే రకపు మొక్కను పొరుగింటివారు కార్తీక మాసములో నాటగా అది సంక్రాంతి నాటికి మొగ్గ తొడుగును. అప్పుడు పొరుగింటివారి హస్తవాసి మంచిదని చెప్పుకొందురు. నిజమునకు భేదము చేతిలో లేదు. నాటిన కాలములో ఉన్నది.

మొక్క బ్రతుకు ఒక జమాఖర్చు వంటిది. వేళ్ళు తెచ్చు నీరు జమ. ఆకులు విడుచు నీరు ఖర్చు. నేలలోని నీటిని పీల్చునవి లావైన వేళ్ళు కావు. లేత వేళ్ళ చివరలయందు నూగువలె ఉండు మూలకేశములే ఆ పని ఎక్కువగా చేయును. ఇవి మిక్కిలి సుకుమారమైనవి. మొక్కను కుండీనుండి గాని, పాలిథీన్ సంచినుండి గాని తీయునపుడు మట్టిగడ్డ కొంచెము విచ్చినను వీటిలో అనేకము తెగిపోవును. తిరిగి క్రొత్త వేళ్ళు పుట్టి చుట్టుప్రక్కల మట్టిలోనికి వ్యాపించుటకు కొన్ని వారములు పట్టును. ఆ వ్యవధిలో జమ తగ్గియుండును. ఆకుల ఖర్చు మాత్రము ఆగదు.

ఆకుల అడుగుభాగమున కంటికి కానరాని పత్రరంధ్రములు కలవు. వీటి ద్వారా నీరు ఆవిరియై పోవుటను బాష్పోత్సేకము అందురు. ఇది ఎంత వేగముగా జరుగునను విషయము చాలవరకు గాలిపై ఆధారపడును. ఒక ఘనమీటరు గాలి 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు 23 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకొనగలదు. 40 డిగ్రీల వద్ద సుమారు 51 గ్రాములను ఇముడ్చుకొనగలదు. రెండు దినములలోను గాలిలో 15 గ్రాముల ఆవిరియే ఉన్నదనుకొందము. చల్లని దినమున ఇంక 8 గ్రాములకు చోటు కలదు; వేడి దినమున 36 గ్రాములకు చోటు కలదు. అనగా వేసవి గాలి దాహము నాలుగు రెట్లకు మించినది. మొక్క పత్రరంధ్రములను మూసికొని కొంతవరకు తన్ను కాపాడుకొనును. కాని వాటిని మూసినచో బొగ్గుపులుసు వాయువు లోనికి రాదు. ఆహారము తయారు కాదు. ఆహారము లేనిదే క్రొత్త వేళ్ళు పుట్టవు. అందుచేత ఎంత నీరు పోసినను రోహిణి కార్తెలో నాటిన మొక్క కోలుకొనుట కష్టము.

అట్లయిన వానకాలము అన్నిటికంటె మంచిది కాదా? గాలిలో తేమ ఉన్నమాట నిజమే. కాని వేళ్ళు నీటిని పీల్చుటయే కాక శ్వాసించును కూడ. మట్టిరేణువుల నడుమ ఖాళీలలోని గాలినుండి అవి ప్రాణవాయువును గ్రహించును. ఆ ఖాళీలు నీటితో నిండినచో ప్రాణవాయువు గాలిలోకంటె సుమారు పదివేల రెట్లు మెల్లగా వ్యాపించును. నల్లరేగడి నేలలో తీసిన గొయ్యి వానకు చిన్న తొట్టి యగును. అందులో తెగిన వేళ్ళు కుళ్ళును. అంతేకాక గులాబి ఆకుపై నల్లమచ్చలు కలిగించు శిలీంధ్రము ఆకును సోకుటకు దాదాపు ఏడు గంటల సేపు ఆకు తడిసియుండిన చాలును. ముసురు దినములలో ఇది తేలికగా జరుగును. నీరు నిలువని ఎఱ్ఱనేలలో వానకాలమున నాటిన మొక్కలు బ్రతుకవచ్చును గాని జాగ్రత్త అవసరము.

కావున పెద్ద వానలు వెనుదిరిగి, నేలలో తేమ, వెచ్చదనము మిగిలి, గాలి చల్లబడుచున్న సమయమే తగినది. తెలంగాణములో ఇది సాధారణముగా అక్టోబరు నడుమనుండి నవంబరు చివర వరకు ఉండును. అప్పుడు నాటిన మొక్కకు ఎండలు ముదురులోపల వేళ్ళూనుటకు మూడు నాలుగు నెలల గడువు దొరకును. నెల్లూరు ప్రాంతమున సంగతి వేరు. అక్కడ వర్షములో ఎక్కువభాగము అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల వలన, వాయుగుండముల వలన కురియును. అచ్చటివారు ఆ వానలు ఆగువరకు వేచియుండుట మేలు. గోదావరి, కృష్ణా డెల్టాలలో కూడ తారీఖును కాక నేల ఆరుటను చూడవలెను.

విదేశ గ్రంథములలోని మాసములను ఇక్కడ అనుసరించుట పొరపాటు. ఇంగ్లండులో చలికి ఆకులు రాల్చి నిద్రాణస్థితిలో ఉన్న గులాబులను మట్టి లేకుండ పెకలించి, నవంబరునుండి మార్చివరకు నాటుదురు. ఆకులు లేనందున ఖర్చు మిక్కిలి స్వల్పము. మన మైదానములలో గులాబి అట్టి గాఢనిద్ర పోదు. ఆకులతోనే చోటు మారవలెను. గోధుమ శాస్త్రజ్ఞుడును, గులాబి ప్రియుడునైన బి.పి. పాల్ భారతదేశపు గులాబుల గురించి ప్రత్యేకముగ ఒక గ్రంథము వ్రాయగా అది 1966లో వెలువడినది.

నాటు దినమును నేలయే చెప్పును. ఒకటిన్నర అడుగుల లోతు గొయ్యి తీసి నీటితో నింపవలెను. మరునాటికి కూడ నీరు నిలిచియున్నచో ఇంకను ఆగవలెను, లేదా మడిని ఎత్తు చేయవలెను. నాటునపుడు అంటు కట్టిన భాగము నేలకు పైన ఉండవలెను. సాయంకాలము నాటిన రాత్రి చల్లదనము తోడగును. పూలను, మొగ్గలను త్రుంచుట మంచిది. వేసవిలో మొక్క కొనవలసివచ్చినను దానిని కుండీలోనే ఉంచి, ఉదయపు ఎండ మాత్రము తగులుచోట పెంచి, సరియైన కాలమున పెరటిలో నాటవచ్చును.

ఈ జమాఖర్చును తరగతిలో పరీక్షించుట సులభము. ఒకే తీరు సీసాలు మూడు తీసికొని సమానముగా నీరు పోయవలెను. సమానముగా ఆకులు గల రెండు రెమ్మలను రెండింటిలోను, ఆకులు తుంచిన రెమ్మను మూడవదానిలోను ఉంచవలెను. నీటిపై కొంచెము నువ్వుల నూనె పోసినచో నీరు నేరుగా ఆవిరి కాదు. ఆకులు గల సీసాలలో ఒకటి ఎండలోను, తక్కిన రెండును వరండాలోను పెట్టి, నీటిమట్టము వద్ద కాగితము అంటించి, సాయంకాలము చూడవలెను. నీడలోని రెండు సీసాల భేదము ఆకుల ఖర్చును చూపును. ఆకులు గల రెండింటి భేదము ఎండ పెంచిన ఖర్చును చూపును. ఇదే ప్రయోగమును ఏప్రిలులోను, నవంబరులోను చేసి కొలతలను నోటు పుస్తకములో ప్రక్కప్రక్కన వ్రాసికొన్నచో, పెరటిలో గులాబిని నాటవలసిన కాలమును విద్యార్థులు తామే నిర్ణయింపగలరు.