ఎల్బీ నగర్ మెట్రో స్తంభాన్ని ల్యాప్‌టాప్‌లో నిలబెడదాం

మా రూమ్ ఎల్బీ నగర్‌లో. రోజూ పొద్దున కాలేజీ బస్సు కోసం నిలబడేది మెట్రో స్తంభం నీడలోనే. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో మొదలైనప్పుడు నేనింకా స్కూల్లో ఉన్నాను. ఇన్నేళ్లుగా చూస్తున్న ఆ స్తంభాన్నే మినీ ప్రాజెక్టుకి తీసుకున్నాను. రెండు ఆకారాలే కదా, ఒక్క రాత్రిలో అయిపోతుందనుకున్నా.

అయిపోయింది కూడా. రివ్యూలో రంగురంగుల స్ట్రెస్ బొమ్మ చూపించాను. సార్ ఒక్కటే అడిగారు: "అడుగున రియాక్షన్ ఎంతొచ్చింది బాబూ?" నేను చూడలేదు. అక్కడే తెరిచి చూస్తే అంకె వరుసలో పట్టలేదు. సంగతేంటంటే, ఎత్తు 10000 అని కొట్టాను, మిల్లీమీటర్లు అనుకుని. సాఫ్ట్‌వేర్ మీటర్లలో ఉంది. అంటే నా స్తంభం ఎత్తు 10 కిలోమీటర్లు! ఎవరెస్ట్ 8849 మీటర్లే. వెనక బెంచీ వాళ్లు ఇంకా నన్ను "ఎవరెస్ట్" అనే పిలుస్తున్నారు. వారంలో మళ్లీ చేసుకు రమ్మన్నారు.

ఆ వారంలో నేర్చుకున్నది మీకూ పనికొస్తుందని రాస్తున్నా. ఆన్సిస్ అయినా, ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్ అయినా బటన్లు మారతాయి గానీ పద్ధతి ఇంచుమించు ఇదే.

మొదటి అడుగు: యూనిట్లు

ఏదీ గీయకముందే యూనిట్లు చూడండి. స్క్రీన్‌కి కొలత తెలీదు. 10 మీటర్ల స్తంభమూ 10 కిలోమీటర్ల స్తంభమూ అందులో ఒకేలా కనిపిస్తాయి, ఎందుకంటే బొమ్మని కిటికీకి సరిపడేలా చూపించడమే దాని పని. పక్కన మనిషి ఉండడు, ఆటో ఉండదు. కంటితో పట్టుకోలేం.

స్తంభం

ఘనాకారాలు చేయడానికి ఎక్కువగా వాడే దారి ఒకటే: ఒక ప్లేన్ మీద స్కెచ్ గీసి, దాన్ని లాగడం. ఈ లాగడాన్నే ఎక్స్‌ట్రూడ్ అంటాం. నేల ప్లేన్ మీద 2 మీటర్ల వ్యాసంతో వృత్తం గీసి, పైకి 10 మీటర్లు లాగితే స్తంభం రెడీ. (ఇవి అసలు స్తంభం కొలతలు కావు, లెక్క సులువుగా ఉండాలని అనుకున్నవి.) వృత్తం కేంద్రాన్ని సరిగ్గా ఆరిజిన్ మీదే పెట్టండి. ఎందుకో ఇంకాసేపట్లో తెలుస్తుంది.

తల

స్తంభం మీద చేతులు చాపినట్టుండే భాగమే పియర్ క్యాప్. పైన ట్రాక్‌ని మోసే గర్డర్లు దాని మీదే కూర్చుంటాయి. రోడ్డు మధ్యలో నిలబడి ఎదురుగా చూస్తే అది తిరగేసిన ట్రెపీజియం: పైన 8 మీటర్లు, కింద 3, ఎత్తు 2. దీన్ని నిలువు ప్లేన్ మీద గీసి 2 మీటర్లు లాగాలి. ఒకే వైపుకి లాగితే తల మొత్తం ఒక మీటరు పక్కకి జరిగిపోతుంది. ప్లేన్‌కి రెండు వైపులా చెరో మీటరు వెళ్లేలా సిమెట్రిక్ అని ఎంచుకోండి.

ఇక్కడే నా రెండో తప్పు. తల అడుగుని 10 దగ్గర కాకుండా 10.05 దగ్గర పెట్టాను. మధ్యలో 5 సెంటీమీటర్ల సందు. దూరం నుంచి చూస్తే అతుక్కున్నట్టే ఉంది. సాల్వర్‌కి మాత్రం అది గాల్లో ఉన్న రాయి. దేనికీ కట్టిలేదు కాబట్టి ఎటైనా పోవచ్చు, ఎర్రర్ వచ్చి ఆగిపోయింది. అందుకే కలిసే చోటుని జూమ్ చేసి చూడండి. తర్వాత రెంటినీ యునైట్ చేసి ఒకే ఒంటిగా మార్చండి.

కలపడం, తీసేయడం, ఉమ్మడి భాగం ఉంచడం, ఈ మూడింటినీ బూలియన్ ఆపరేషన్లు అంటారు. లాజిక్ గేట్లలో చదువుకున్న 19వ శతాబ్దపు జార్జ్ బూల్ పేరే ఇది. తీసేయడానికి ఉదాహరణ కూడా తలెత్తితే కనిపిస్తుంది. గర్డర్ లోపల బోలుగా ఉంటుంది. బయటి ఆకారం లాగి, అందులోంచి చిన్న ఆకారాన్ని సబ్‌ట్రాక్ట్ చేస్తే సరి.

ఏం వదిలేయాలి?

స్తంభం మీద పోస్టర్లు, నంబరు, నీళ్ల పైపు, మూలల్లో చిన్న చెక్కుడు, అన్నీ గీయాలనిపిస్తుంది. బరువు మోసే లెక్కలో అవి చేసేది ఏమీ లేదు, పైగా మెష్‌ని పాడు చేస్తాయి. అయితే ఒకటి గుర్తుంచుకోండి. తల, స్తంభం కలిసే లోపలి మూల సూదిగా ఉంటే, మెష్ సన్నం చేసేకొద్దీ అక్కడ స్ట్రెస్ పెరుగుతూనే పోతుంది, ఎక్కడా ఆగదు. అది కాంక్రీటు బలహీనత కాదు, మన గీతలో వంపు సున్నా కావడం వల్ల వచ్చేది. అక్కడి స్ట్రెస్ కావాలంటే అసలులో ఉన్న వంపుని ఫిల్లెట్‌తో ఇవ్వండి. అక్కర్లేదంటే ఆ చుక్క దగ్గరి అంకెని నమ్మకండి.

పావు వంతు చాలా?

ఆరిజిన్ సంగతికి వద్దాం. కేంద్రం అక్కడుంటే రెండు నిలువు ప్లేన్లతో కోసి పావు ముక్కనే లెక్కించవచ్చు, పాత ల్యాప్‌టాప్ కూడా ఊపిరి పీల్చుకుంటుంది. కానీ ఆకారంతో పాటు లోడు కూడా సమానంగా ఉండాలి. ఒక ట్రాక్ మీదే రైలు ఉంటే రెండు చేతుల మీద బరువు ఒకటి కాదు, అప్పుడు సగం ముక్క కావాలి. ఆ రైలు బ్రేక్ వేసిందా, ట్రాక్ వెంట కూడా తోపు వస్తుంది, ఇక మొత్తం గీయాల్సిందే.

కాగితం మీద లెక్క

సార్ ప్రశ్నకి జవాబు సాల్వ్ కొట్టకముందే నా దగ్గర ఉండాల్సింది. స్తంభం 31.4 ఘనపు మీటర్లు. తల ట్రెపీజియం వైశాల్యం 11 చదరపు మీటర్లు, 2తో గుణిస్తే 22 ఘనపు మీటర్లు. మొత్తం 53.4. రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు ఘనపు మీటరుకి సుమారు 25 కిలోన్యూటన్లు. అంటే సొంత బరువుకి అడుగున రియాక్షన్ 1335 కిలోన్యూటన్లు.

సాఫ్ట్‌వేర్‌లో సాంద్రత 2500, గురుత్వం 9.81 ఇస్తే 1310 వస్తుంది, అది సరే. 328 వస్తే పావు ముక్క గీశారని అర్థం. 770 దగ్గర వస్తే తల లెక్కలోకి రాలేదు. అంకె వరుసలో పట్టకపోతే యూనిట్లు చూడండి, నా సంఘంలోకి స్వాగతం.

రెండో రివ్యూకి రంగుల బొమ్మ కన్నా ముందు ఈ కాగితం తీసి బల్ల మీద పెట్టాను. సార్ రెండు అంకెలూ పక్కపక్కన చూసి, "ఇప్పుడు బొమ్మ చూపించు" అన్నారు.