మ్యాప్‌లో ఛార్జర్ ఉంది, అక్కడికి వెళ్తే పని చేస్తుందా? విద్యుత్ కారుతో దూర ప్రయాణానికి ముందు చూసుకోవాల్సినవి

హైదరాబాద్ నుంచి విజయవాడకు దాదాపు 275 కిలోమీటర్లు. పెట్రోలు కారులో బయల్దేరేవారు బంకుల గురించి ముందుగా ఆలోచించరు. విద్యుత్ కారులో వెళ్లేవారికి మాత్రం సూర్యాపేటలో భోజనానికి ఆగాలా, కోదాడ దాకా వెళ్లాలా అన్నది నిర్ణయించేది బ్యాటరీయే. ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే దారి పొడవునా ఛార్జింగ్ స్టేషన్లు కనిపిస్తాయి. తీరా అక్కడికి చేరాక ఛార్జర్ తెర నల్లగా ఉంటే? రాత్రి 10 గంటలు, బ్యాటరీలో మిగిలింది 12 శాతం, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలు ఉంటే?

కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు ఇచ్చిన లెక్కల ప్రకారం 2024 చివరి నాటికి దేశంలో పబ్లిక్ ఛార్జింగ్ స్టేషన్లు 25 వేలు దాటాయి. ఇప్పుడు వాహనదారును ఇబ్బంది పెడుతున్నది స్టేషన్ల కొరత ఒక్కటే కాదు. ఉన్నవాటిలో తన కారుకు, ఆ సమయానికి పనికొచ్చేది ఏదో ముందే తెలియకపోవడం అంతకన్నా పెద్ద చిక్కు.

ఎక్కడ వెతకాలి?

ప్రభుత్వం తరఫున ఉన్నది 'ఈవీ యాత్ర' పోర్టల్, యాప్. ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ రూపొందించిన దీన్ని 2022 డిసెంబరు 14న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ప్రారంభించారు. రాష్ట్రాల నోడల్ ఏజెన్సీల ద్వారా దేశంలోని స్టేషన్ల వివరాలను ఒకేచోటికి చేర్చడం దీని ఉద్దేశం.

గూగుల్ మ్యాప్స్ కూడా కొన్ని ఛార్జింగ్ కంపెనీలతో కలిసి 2024 నుంచి మన దేశంలోని 8 వేలకు పైగా స్టేషన్ల వివరాలు చూపుతోంది. ప్లగ్‌షేర్ లాంటి యాప్‌లలో అయితే అక్కడ ఛార్జింగ్ పెట్టుకున్నవారే తమ అనుభవాన్ని రాస్తారు, ఫొటోలు పెడతారు. వీటికి తోడు టాటా పవర్, స్టాటిక్, జియో-బీపీ, ఛార్జ్‌జోన్ వంటి కంపెనీలకు సొంత యాప్‌లు ఉన్నాయి. ఛార్జర్ ఖాళీగా ఉందా లేదా అన్న తాజా సమాచారం, డబ్బు చెల్లింపు ఎక్కువగా ఈ సొంత యాప్‌లలోనే సాధ్యం.

అందుకే దారి ఎంచుకోవడానికి మ్యాప్, నిజానిజాలు తెలుసుకోవడానికి పాత వినియోగదారుల వ్యాఖ్యలు, చివరి నిర్ధారణకు కంపెనీ యాప్ చూడటం మంచిది. మూడింటిలో ఏ ఒక్కదాన్నో నమ్ముకుంటే సరిపోదు.

మ్యాప్ చెప్పని నాలుగు విషయాలు

1. గన్ కుదురుతుందా? ఇప్పుడు వస్తున్న కార్లలో అత్యధికం వేగవంతమైన డీసీ ఛార్జింగ్‌కు 'సీసీఎస్2', నెమ్మదిగా ఎక్కే ఏసీ ఛార్జింగ్‌కు 'టైప్-2' గన్ వాడతాయి. తొలినాళ్లలో పెట్టిన 'భారత్ డీసీ-001' ఛార్జర్లు తక్కువ వోల్టేజీ బ్యాటరీలున్న తొలితరం వాహనాల కోసం ఉద్దేశించినవి. మ్యాప్‌లో వాటికీ అదే గుర్తు ఉంటుంది, కానీ ఇప్పటి కార్లకు అవి పనికిరావు. స్కూటర్ల సంగతి వేరు. ఒక్కో కంపెనీది ఒక్కో కనెక్టర్. కార్ల స్టేషన్‌లో స్కూటర్‌కు చోటు దొరుకుతుందన్న హామీ లేదు. తేలికపాటి వాహనాల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ 2023లో ఒక ఉమ్మడి కనెక్టర్‌కు ఆమోదం తెలిపినా, అన్ని కంపెనీలూ దానికి మారలేదు.

2. ఎంత వేగం? 40 యూనిట్ల బ్యాటరీని 20 శాతం నుంచి 80 శాతానికి నింపాలంటే 24 యూనిట్లు ఎక్కాలి. 3.3 కిలోవాట్ల ఛార్జర్‌పై దీనికి ఏడు గంటలకు పైగా, 7.2 కిలోవాట్లయితే మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. 30 కిలోవాట్ల డీసీ ఛార్జర్‌పై సుమారు 50 నిమిషాలు చాలు. ఛార్జర్ ఎంత పెద్దదైనా కారు తీసుకోగలిగినంతే తీసుకుంటుంది. 80 శాతం దాటాక బ్యాటరీని కాపాడుకోవడానికి వేగం బాగా తగ్గుతుంది. కాబట్టి హైవేపై ఒకేచోట 100 శాతం నింపుకోవడం కన్నా, రెండుచోట్ల 80 శాతం వరకు పెట్టుకోవడం వల్ల సమయం కలిసొస్తుంది.

3. ఆ వేళకు తెరిచి ఉంటుందా? చాలా ఛార్జర్లు కార్ల షోరూముల్లో, మాల్స్ సెల్లార్లలో, హోటళ్ల ఆవరణల్లో ఉంటాయి. షోరూము మూసేస్తే గేటుకు తాళం పడుతుంది. కొన్నిచోట్ల సొంత కంపెనీ కార్లకే అనుమతి. ఛార్జర్ బాగానే ఉన్నా ముందు పెట్రోలు కారు పార్క్ చేసి ఉండటం నిత్యం ఎదురయ్యే సమస్య.

4. చివరిసారి ఎప్పుడు పని చేసింది? యాప్‌లో 'అందుబాటులో ఉంది' అని ఉంటే, ఆ ఛార్జర్‌ను ఎవరూ వాడటం లేదని మాత్రమే అర్థం కావచ్చు. నిన్నో మొన్నో ఎవరైనా అక్కడ ఛార్జింగ్ పెట్టుకున్నట్టు కనిపిస్తే అది గట్టి ఆధారం.

ఎందుకిలా?

విద్యుత్ వాహనాలకు ఛార్జింగ్ పెట్టడం ఒక సేవే తప్ప కరెంటు అమ్మకం కాదని, దానికి లైసెన్సు అక్కర్లేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018లో స్పష్టం చేసింది. దాంతో ఎవరైనా స్టేషన్ పెట్టుకునే వీలు కలిగింది. నగరాల్లో ప్రతి 3 కిలోమీటర్ల గడికి ఒకటి, హైవేలపై ప్రతి 25 కిలోమీటర్లకు ఒకటి ఉండాలన్నది అప్పటి లక్ష్యం. 2024 మార్గదర్శకాలు 2030 నాటికి దీన్ని నగరాల్లో కిలోమీటరుకు, హైవేలపై 20 కిలోమీటర్లకు తగ్గించాయి. 2023 మార్చిలో ఫేమ్-2 కింద చమురు సంస్థలకు 7,432 ఫాస్ట్ ఛార్జింగ్ స్టేషన్ల కోసం రూ.800 కోట్లు మంజూరయ్యాయి. పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ఛార్జింగ్ సదుపాయాలకు రూ.2,000 కోట్లు కేటాయించారు.

ఈ అంకెలన్నీ ఎన్ని పెట్టారు, ఎంత దూరానికి పెట్టారు అన్నదాని చుట్టూ తిరిగేవి. నెలలో ఎన్ని గంటలు పని చేశాయన్నది సామాన్యుడికి కనిపించే లెక్కల్లో లేదు. రోజుకు ఒకటి రెండు కార్లు కూడా రాని స్టేషన్‌లో ఆదాయం నిర్వహణ ఖర్చుకు చాలదు. అలాంటిచోట మరమ్మతు ఆలస్యమవుతుంది. పైగా ఎక్కువ ఛార్జర్లు యాప్ నుంచి అనుమతి వస్తేనే మొదలవుతాయి. మొబైల్ సిగ్నల్ లేని సెల్లార్‌లో కరెంటు ఉన్నా కారుకు ఎక్కదు.

యూపీఐలో ఏ యాప్‌తోనైనా ఏ దుకాణం క్యూఆర్ కోడ్‌కైనా డబ్బు పంపవచ్చు. ఛార్జింగ్‌లో ఆ సౌలభ్యం ఇంకా రాలేదు. స్లాట్ బుకింగ్, చెల్లింపు, ఖాళీ వివరాలు ఒకేచోట ఉండే ఉమ్మడి యాప్ బాధ్యతను బీహెచ్‌ఈఎల్‌కు అప్పగించే ఆలోచన ఉందని 2025 మేలో భారీ పరిశ్రమల శాఖ వెల్లడించింది. అయితే కంపెనీలు తమ ఛార్జర్ల తాజా స్థితిని దాచకుండా పంచుకున్నప్పుడే అలాంటి యాప్ వల్ల ప్రయోజనం.

అప్పటిదాకా ఏం చేయాలి?

దారిలో వాడబోయే రెండు మూడు కంపెనీల యాప్‌లను ఇంట్లో ఉండగానే పెట్టుకుని, ఓటీపీ నమోదు పూర్తిచేసి, వాలెట్‌లో కొంత డబ్బు వేసుకోవాలి. బ్యాటరీ 25 శాతానికి తగ్గకముందే ఛార్జర్ దగ్గరికి చేరేలా చూసుకుంటే, అది పని చేయకపోయినా మరో స్టేషన్‌కు వెళ్లే వీలుంటుంది. ఛార్జ్ తక్కువగా ఉన్నప్పుడు 100 కిలోమీటర్ల వేగాన్ని 70-80కి తగ్గిస్తే మరికొంత దూరం వెళ్లవచ్చు.

ఏదీ దొరకకపోతే కారుతో వచ్చిన పోర్టబుల్ కేబుల్ ఉండనే ఉంది. హోటల్ లేదా దాబా వాళ్లు ఒప్పుకుంటే 16 ఆంపియర్ల సాకెట్ నుంచి గంటకు 15-20 కిలోమీటర్లకు సరిపడా ఛార్జ్ ఎక్కుతుంది. ఎర్తింగ్ సరిగా లేకపోతే చాలా కార్లు ఛార్జ్ తీసుకోవు కాబట్టి ముందు అది అడగాలి. ఇక స్టేషన్‌కు 40-50 కిలోమీటర్ల దూరంలో ఉండగానే యాప్‌లోని నంబరుకు ఒక ఫోన్ చేసి, 'ఛార్జర్ నడుస్తోందా, గేటు తెరిచి ఉంటుందా' అని అడగడం మేలు. ఇప్పటికి అంతకన్నా నమ్మదగిన తాజా సమాచారం ఏ మ్యాప్‌లోనూ లేదు.