రింగులో రాణి... ఇంట్లో ఖైదీ!

బాక్సింగ్ సినిమాకి ఓ ఫార్ములా వుంది. కష్టాల్లో పుట్టిన ఓ పిల్ల వుంటుంది. చేతిలో సత్తా వుంటుంది గాని దారి తెలీదు. ఓ గురువుగారు తారసపడతాడు. మొదట కసురుతాడు, పొమ్మంటాడు. ఆ తర్వాత కడుపులో పెట్టుకుంటాడు. క్లైమాక్సులో శిష్యురాలు కింద పడుతుంది, గురువుగారి వంక చూస్తుంది, లేస్తుంది, గెలుస్తుంది. హాల్లో ఈలలే ఈలలు! 2017లో వచ్చిన 'గురు' సినిమాలో వెంకటేష్, రితికా సింగ్ ఈ వరస ఎంత బాగా పండించారో మీకు నేను చెప్పనక్కర్లేదు. 2004లో క్లింట్ ఈస్ట్‌వుడ్ తీసి, ఆస్కార్లు పట్టుకుపోయిన 'మిలియన్ డాలర్ బేబీ'లో ముగింపు విషాదమే అయినా, గురువు మాత్రం అక్కడా దేవుడే.

ఇప్పుడు నేను చెప్పబోయేదీ అలాంటి కథే. గని కార్మికుడి కూతురుంది, చేతిలో సత్తా వుంది, ముందు పొమ్మని తర్వాత చేరదీసిన గురువు వున్నాడు. ఇంతకీ విలన్ ఎవరయ్యా అంటే... ఆ గురువే! ఇది ఏ రచయితో అల్లింది కాదు. అమెరికాలో ఆడవాళ్ళ ప్రొఫెషనల్ బాక్సింగ్‌ని ఇంటింటి టీవీలోకి తెచ్చిన క్రిస్టీ మార్టిన్ జీవితం ఇది.

పొమరేనియన్ కుక్కపిల్లతో జిమ్‌కి...

వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో ఇట్‌మన్ అని ఓ చిన్న వూరు. బొగ్గుగనుల వూరు. 1968 జూన్ 12న పుట్టిన క్రిస్టీ సాల్టర్స్ పెరిగింది అక్కడే. తండ్రి గనిలో పనిచేసేవాడు. అంచేతనే తర్వాత రోజుల్లో 'ది కోల్ మైనర్స్ డాటర్' అని పేరు పెట్టి ఆమెను రింగులోకి పిలిచేవారు. గాయని లొరెట్టా లిన్ జీవితం మీద 1980లో వచ్చి, సిస్సీ స్పేసెక్‌కి ఆస్కార్ తెచ్చిన సినిమా పేరు కూడా అదే!

స్కూల్లో ఆటలన్నిట్లో క్రిస్టీయే ముందు. బాస్కెట్‌బాల్ స్కాలర్‌షిప్ మీద కాంకర్డ్ కాలేజీలో చేరింది. చదివింది టీచర్ చదువు. అయితే ఆ చుట్టుపక్కల 'టఫ్ ఉమన్' పోటీలని జరుగుతూ వుండేవి. ధైర్యమున్న ఆడపిల్ల ఎవరైనా సరే గ్లవ్స్ తొడుక్కుని రింగులోకి దిగొచ్చు. సరదాకి దిగింది, గెలిచింది. మళ్ళీ దిగింది, మళ్ళీ గెలిచింది. టీచరమ్మ కావలసిన పిల్ల బాక్సర్ అయి కూర్చుంది.

పద్ధతిగా నేర్చుకుందామని టెనెస్సీలో బ్రిస్టల్ వూరికి వెళ్ళింది. ఒక్కతే కాదు, వెంట అమ్మ, చంకలో పొమరేనియన్ కుక్కపిల్ల! అక్కడి శిక్షకుడు జిమ్ మార్టిన్‌కి ఈ వాలకం చూసి ఒళ్ళు మండింది. ఆడపిల్లకి బాక్సింగేమిటని ఆయన పట్టుదల. ప్రాక్టీసులో ఎవడిచేతైనా నాలుగు పక్కటెముకలు విరగ్గొట్టించి పంపించేద్దామనుకున్నానని తర్వాత ఆయనే పత్రికలవాళ్ళకి చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడట. పత్రికలవాళ్ళూ నవ్వుతూనే రాసుకున్నారు. ఇప్పుడు చదివితే నాకు మాత్రం నవ్వు రావడం లేదు.

ఎముకలు విరగలేదు గాని, ఆయన మనసు మారింది. ఈ పిల్ల చేతిలో డబ్బుందని గ్రహించాడు. గురువు కాస్తా మేనేజరయ్యాడు. ఆ తర్వాత మొగుడయ్యాడు. ఆమె కన్నా దాదాపు పాతికేళ్ళు పెద్ద.

ఆరు రౌండ్లు — ఒక చరిత్ర

1989లో క్రిస్టీ ప్రొఫెషనల్ అయింది. తొలి పోరు డ్రా. నెల తిరిగేసరికి అదే ప్రత్యర్థిని రెండో రౌండులో నాకౌట్ చేసింది. ఆ తర్వాత ఆండ్రియా డిషాంగ్ అనే ఆమె చేతిలో ఓడింది. ఇక అక్కడినుంచి చూడండి, ఏళ్ళ తరబడి ఓటమన్న మాట లేదు!

ఇక్కడో చిన్న వివరం. మన మేరీ కోమ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చినా, మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ స్వర్ణాలు తెచ్చినా అవన్నీ అమెచ్యూర్ బాక్సింగ్ కిందకి వస్తాయి. అక్కడ దేశం పంపిస్తుంది, పతకం వస్తుంది. ప్రొఫెషనల్ బాక్సింగ్ దారి వేరు. అక్కడ టిక్కెట్ తెగాలి, టీవీవాడు కొనాలి, ప్రమోటర్ చెక్కు రాయాలి. ఆడవాళ్ళకి రౌండు రెండు నిమిషాలు, మగవాళ్ళకి మూడు. ఇక డబ్బుల్లో తేడా ఎంతో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

1993లో డాన్ కింగ్ ఆమెతో కాంట్రాక్టు కుదుర్చుకున్నాడు. కరెంటు షాకు కొట్టినట్టు జుట్టు నిక్కబొడుచుకుని వుండే మహా ప్రమోటర్ ఈయనే. ముహమ్మద్ అలీని, మైక్ టైసన్‌ని ఆడించిన మనిషి ఒక ఆడ బాక్సర్‌తో కాంట్రాక్టు రాసుకోవడం అదే మొదలు.

1996 మార్చి 16. లాస్ వేగాస్, ఎంజీఎం గ్రాండ్. ఆ రాత్రి జనం వచ్చింది టైసన్, ఫ్రాంక్ బ్రూనోల పోటీకి. మన సినిమా హాళ్ళలో అసలు బొమ్మకి ముందు న్యూస్‌రీల్ వేసేవారు చూడండి, ఆడవాళ్ళ పోటీని అలా ముందు పడేశారు. ప్రత్యర్థి ఐర్లండ్ అమ్మాయి డైర్డ్రీ గోగర్టీ. ఆమె దేశంలో ఆనాడు ఆడవాళ్ళ బాక్సింగ్‌కి అనుమతే లేదు. ఆడడం కోసమే అమెరికా చేరిన పట్టుదల ఆమెది.

ఆ పోరు వీడియో నేను రెండుసార్లు చూశాను. రెండో రౌండులో క్రిస్టీ దెబ్బకి గోగర్టీ కింద పడింది. లేచింది! లేచి తిరగబడింది. ఆమె పంచ్ తగిలి క్రిస్టీ ముక్కులోంచి రక్తం ధార కట్టింది. మొహం నిండా రక్తం, అయినా ఒక్క అడుగు వెనక్కి వెయ్యదు. ఆడవాళ్ళ పోటీ గదా, కాసేపు నవ్వుకుందామని కూర్చున్న జనం లేచి నిలబడి అరవడం మొదలెట్టారు. ఆరు రౌండ్లయ్యాక న్యాయనిర్ణేతలంతా క్రిస్టీయే గెలిచిందన్నారు. తర్వాత టైసన్ వచ్చాడు, మూడో రౌండులో బ్రూనోని చిత్తు చేశాడు. కానీ మర్నాడు జనం నోట్లో నానింది ఎవరనుకున్నారు? ముక్కులోంచి రక్తం కారుతూ కొట్లాడిన అమ్మాయి!

వచ్చే నెలలోనే 'స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్' వారపత్రిక ముఖచిత్రం మీద ఆమె బొమ్మ. ఏ ఆడ బాక్సర్‌కీ అంతకుముందు దక్కని గౌరవం అది. ఇక లెక్క వినండి. ఆ రాత్రి టైసన్‌కి ముట్టింది మూడు కోట్ల డాలర్లు. క్రిస్టీకి పదిహేను వేలు!

గులాబీరంగు వెనక నలుపు

రింగులోకి గులాబీరంగు దుస్తుల్లో రావడం ఆమె అలవాటు. మొగుడు పక్కనే వుండేవాడు. టీవీ వాళ్ళకి ముచ్చటైన జంట! స్త్రీల హక్కుల కోసం కొట్లాడుతున్నారా అనడిగితే, నేను నా కోసమే కొట్లాడుతున్నానని చెప్పేది. ఎదురు బాక్సర్లని ఎగతాళి చేసేది కూడా. పొగరుమోతని అందరూ అనుకున్నారు. పొగరు కాదు, భయం. తన గుట్టు ఎక్కడ బయటపడుతుందోనన్న భయం.

స్కూలు రోజులనుంచీ ఆమె మనసు అమ్మాయిల మీదే వుండేది. ఆ ఇంట్లో, ఆ వూళ్ళో, ఆ కాలంలో నోరు విప్పి చెప్పుకునే మాట కాదు. జిమ్‌కి ఆ సంగతి తెలుసు. తాళంచెవి అతని చేతిలో వుందన్నమాట. డబ్బు అతని చేతిలో, కాంట్రాక్టులు అతని చేతిలో, గుట్టూ అతని చేతిలోనే. నన్ను వదిలేస్తే చంపేస్తానని ఏళ్ళ తరబడి బెదిరించాడని, తనను కొకెయిన్‌కి అలవాటు చేశాడని ఆమె తర్వాత బయటపెట్టింది.

బయట మాత్రం ఆట సాగుతూనే వుంది. 1997 జూన్ 28న టైసన్ హోలీఫీల్డ్ చెవి కొరికిన రాత్రి మీకు గుర్తుండే వుంటుంది. ఆ రోజే, ఆ రింగులోనే, ఒకప్పుడు తనను ఓడించిన డిషాంగ్‌ని క్రిస్టీ ఏడో రౌండులో ఆపేసింది. చెవి గొడవలో ఆ గెలుపు ఎవరికీ పట్టలేదు. 1998లో సుమ్యా అనానీ ఆమె జైత్రయాత్రకి అడ్డుకట్ట వేసింది. 2001లో లిసా హోల్వైన్‌ని పది రౌండ్లు కొట్లాడి గెలిచింది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. 2003 ఆగస్టులో ముహమ్మద్ అలీ కూతురు లైలా అలీతో తలపడింది. లైలా పొడగరి, బరువులోనూ మిన్న. నాలుగో రౌండులో క్రిస్టీ నేల మీద మోకరిల్లిపోయింది.

2005లో సినిమాని మించిన ముచ్చట జరగాల్సింది. 'మిలియన్ డాలర్ బేబీ'లో తొండి ఆట ఆడే బిల్లీ వేషం వేసింది నిజమైన ఛాంపియన్ లూసియా రైకర్. ఆమెకీ క్రిస్టీకీ జూలై 30న పోటీ, గెలిచినవాళ్ళకి పది లక్షల డాలర్లు! తీరా ముహూర్తం దగ్గరపడ్డాక ప్రాక్టీసులో రైకర్ మడమ నరం తెగింది. పోటీ రద్దు. ఆ సొమ్ము ఇద్దరిలో ఎవరికీ దక్కలేదు.

2009లో, నలభై ఒకటో ఏట, డకోటా స్టోన్ మీద గెలిచి డబ్ల్యూబీసీ టైటిల్ పట్టింది. అది ఆమెకి 49వ గెలుపు. ఇక ఒక్కటి గెలిస్తే యాభై!

ఆ నవంబరు రోజు

2010 నవంబరు 23. ఫ్లోరిడాలో అపోప్కా వూరు. మొగుణ్ణి వదిలి వెళ్ళిపోవాలని క్రిస్టీ నిశ్చయించుకుంది. ఇరవయ్యేళ్ళుగా బెదిరించిన మాటని జిమ్ ఆ రోజు చేసి చూపించాడు. కత్తితో పొడిచాడు. ఆమె తుపాకీతోనే ఆమెను కాల్చాడు. చచ్చిపోయిందనుకుని వదిలేశాడు.

ఆమె లేచింది. రక్తపు మడుగులోంచి లేచి, ఇంట్లోంచి బయటపడి, రోడ్డు మీద పోతున్న కారాపింది. ఎవరో తెలియని ఆ మనిషి ఆసుపత్రికి చేర్చాడు. ప్రాణం నిలిచింది. 2012లో కోర్టు జిమ్ మార్టిన్‌కి పాతికేళ్ళ శిక్ష వేసింది. 2024లో జైల్లోనే చనిపోయాడు.

అంత బలమున్న మనిషి అన్నాళ్ళు ఎందుకు పడివుందని మీలో కొందరు అడుగుతారు. నేనూ అదే ప్రశ్న వేసుకున్నాను. రింగులో బరువుకి బరువు సరిచూస్తారు. మధ్యలో రెఫరీ వుంటాడు. రెండు నిమిషాలకోసారి గంట కొడతారు. కింద పడితే పది దాకా లెక్కపెడతారు గాని, పడ్డవాళ్ళని కొట్టనివ్వరు. ఇంట్లో ఇవేవీ లేవు. అక్కడ పిడికిలి బలం ఎందుకు పనికొస్తుంది?

ఆరు నెలల్లో మళ్ళీ రింగులో!

కథ అక్కడితో అయిపోలేదు. 2011 జూన్ 4న, ఒంటిమీద గాయాలు మానీ మానకముందే, లాస్ ఏంజెలిస్‌లో స్టేపుల్స్ సెంటర్ రింగులో ప్రత్యక్షమైంది! ఎదురుగా మళ్ళీ డకోటా స్టోన్. నాలుగో రౌండులో స్టోన్‌ని పడగొట్టింది కూడా. ఆ వూపులో క్రిస్టీ కుడిచెయ్యి విరిగింది. అలాగే ఆడింది. చివరిదైన ఆరో రౌండులో ఇంకా నిమిషం కూడా లేదు... అప్పుడు పోటీ ఆపేశారు. యాభయ్యో గెలుపు చేతిదాకా వచ్చి జారిపోయింది. 2012లో మియా సెయింట్ జాన్‌తో ఆఖరి ప్రయత్నం చేసి ఓడింది. మొత్తం లెక్క 49 గెలుపులు, అందులో 31 నాకౌట్లు, 7 ఓటములు, 3 డ్రాలు.

యాభయ్యోది రాలేదు, వేరేవి వచ్చాయి. 2001లో పది రౌండ్లు బాదుకున్న లిసా హోల్వైన్ గుర్తుందా? 2017లో క్రిస్టీ పెళ్ళాడింది ఆమెనే! అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ మొట్టమొదటిసారి ఆడవాళ్ళకి తలుపు తీసిన 2020 జాబితాలో క్రిస్టీ, లూసియా రైకర్, బార్బరా బట్రిక్ పేర్లున్నాయి. కోవిడ్ వల్ల ఆ సన్మానం 2022లో జరిగింది. పోటీ జరగని ఆ ఇద్దరూ చివరికి ఒకే వేదిక మీద!

2025లో డేవిడ్ మిషో దర్శకత్వంలో 'క్రిస్టీ' సినిమా వచ్చింది. గ్లామర్ తారగా పేరుపడ్డ సిడ్నీ స్వీనీ ఒళ్ళు పెంచి, కండలు పెంచి, నెలల తరబడి బాక్సింగ్ నేర్చుకుని క్రిస్టీ వేషం కట్టింది. జిమ్‌గా బెన్ ఫోస్టర్ ఒళ్ళు గగుర్పొడిపిస్తాడు. అమెరికాలో ఆ సినిమాకి డబ్బులు రాలేదు. కలెక్షన్లు చూసి సినిమాని కొలిచేవాళ్ళు కొలుచుకోనివ్వండి.

నేను మీకు చెప్పేది ఒక్కటే. సినిమా చూస్తే చూడండి, దానికంటే ముందు 1996 నాటి ఆ ఆరు రౌండ్లు వెతికి చూడండి. కింద పడి లేచిన గోగర్టీని చూడండి, రక్తం తుడుచుకోకుండా ముందుకొచ్చిన క్రిస్టీని చూడండి. ఆ తర్వాత రింగు మూలన గర్వంగా నిలబడ్డ గురువుగారిని కూడా ఓసారి చూడండి. మీకు తెలిసిన ఆడపిల్ల ఎవరైనా, వెళ్ళిపోతే చంపేస్తానంటున్నాడని చెబితే, ఊరికే బెదిరిస్తున్నాడులే అని మాత్రం అనకండి.