కంచ గచ్చిబౌలి భూ మార్పిడి - పూర్వాపరాలు

హైదరాబాద్: సైబరాబాద్ ఐటీ కారిడార్‌లోని కంచ గచ్చిబౌలి 400 ఎకరాల భూమిపై 2025లో వ్యక్తమైన ప్రజా వ్యతిరేకతకు మూలం రెండు దశాబ్దాల నాటి భూ మార్పిడిలో ఉంది.

1974లో ఏర్పాటైన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సుమారు 2,300 ఎకరాలు కేటాయించబడ్డాయి. 2004లో విశ్వవిద్యాలయం నుండి 534 ఎకరాల 28 గుంటలను నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం తీసుకుని, ప్రతిగా గోపనపల్లిలో సుమారు 397 ఎకరాలను అప్పగించింది. అందులో 400 ఎకరాలు క్రీడా సదుపాయాల నిమిత్తం ఐఎంజీ భారత సంస్థకు కేటాయించబడ్డాయి. 2006లో ఆ కేటాయింపు రద్దయింది. దీనిపై సాగిన వ్యాజ్యంలో 2024 మార్చిలో హైకోర్టు, మే నెలలో సుప్రీంకోర్టు ప్రభుత్వానికి అనుకూలంగా తీర్పునిచ్చాయి. అనంతరం ఐటీ, తదితర అవసరాల కోసం సదరు భూమి టీజీఐఐసీకి బదిలీ అయినది.

2025 మార్చి 30న యంత్రాలతో చదును పనులు ప్రారంభం కాగానే విద్యార్థులు, అధ్యాపకులు, పర్యావరణవేత్తలు ఆందోళనకు దిగారు. జింకలు, నెమళ్లు తిరుగాడే ఈ బండరాళ్ల ప్రాంతంలోని కాలిబాటలు విద్యార్థులకు, పక్షుల పరిశీలకులకు, ప్రకృతి నడకకు వచ్చే నగరవాసులకు చిరపరిచితాలు. పుట్టగొడుగు ఆకారపు శిల అయిన మష్రూమ్ రాక్‌ను పచ్చదనపు ప్రాంతంగా పరిరక్షిస్తామని టీజీఐఐసీ ప్రకటించినప్పటికీ ఆందోళన సద్దుమణగలేదు.

ఈ వివాదంలో మూడు అంశాలను విడివిడిగా గ్రహించవలసి ఉన్నది. మొదటిది యాజమాన్యం, ఐఎంజీ వ్యాజ్యంలో తీర్పులు ప్రభుత్వ పక్షాన వచ్చాయి. రెండవది సరిహద్దులు, 2024 జూలైలో విశ్వవిద్యాలయ అధికారుల సమక్షంలో సర్వే జరిగిందని టీజీఐఐసీ పేర్కొనగా, జరిగింది ప్రాథమిక పరిశీలన మాత్రమేనని విశ్వవిద్యాలయం వివరణ ఇచ్చింది. మూడవది అటవీ స్వభావం. ఇది రెవెన్యూ భూమి అని ప్రభుత్వం వాదించింది. అయితే గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, యాజమాన్యం ఎవరిదైనా, నిఘంటు అర్థంలో అడవి అనదగిన భూమికి అటవీ సంరక్షణ చట్టం వర్తిస్తుంది. కనుక యాజమాన్యం తేలినంత మాత్రాన చెట్ల తొలగింపునకు అనుమతి లభించినట్లు కాదు.

2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్వయంగా విచారణకు స్వీకరించింది. సుమారు 100 ఎకరాల్లో విధ్వంసం జరిగినట్లు హైకోర్టు రిజిస్ట్రార్ నివేదించగా, ఉన్న చెట్ల రక్షణ మినహా అన్ని పనులను నిలిపివేయాలని ఆదేశించింది. అదే రోజు రాష్ట్ర ప్రభుత్వం మంత్రుల కమిటీని నియమించింది. ఏప్రిల్ 16న జరిగిన విచారణలో, కోల్పోయిన పచ్చదనాన్ని ఎలా పునరుద్ధరిస్తారో ప్రణాళిక సమర్పించాలని న్యాయస్థానం ప్రభుత్వాన్ని కోరింది.