గది కంటే ముందు తేదీ

సముద్రం ఒడ్డున రెండు రోజులు తక్కువ ఖర్చులో గడిపి రావాలనుకునేవాళ్లు ముందుగా చేసే పని ఫోన్లో గదుల అద్దెలు వెతకడం. వెళ్లే తేదీ అప్పటికే ఖాయమైపోయి ఉంటుంది. ఏదో ఒక శనివారమో, పండగ సెలవో. ఆ రోజుకు దొరికే గదుల్లో అన్నిటికన్నా చవకైనది ఏదా అని గంటలకొద్దీ గాలిస్తారు. ఇంత గాలించినా మిగిలేది మహా అయితే రెండు మూడు వందలు. అదే గదిని మంగళవారానికి అడిగి చూస్తే అంతకన్నా ఎక్కువే తగ్గవచ్చు, పైగా గాలించే శ్రమ ఉండదు. మన తీరంలో చవక బస కుదిరేది గదిని బట్టి కాదు, తేదీని బట్టి. ఏసీ ఉందా, టీవీ ఉందా, కిటికీ తీస్తే అలలు కనిపిస్తాయా అనేవి ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్నలు. వాటిలో కొన్ని అసలు అడగనక్కర్లేదు కూడా.

బాపట్ల దగ్గరి సూర్యలంకను తీసుకుందాం. బాపట్ల స్టేషను విజయవాడ–చెన్నై మెయిన్ లైను మీద ఉంది. ఊళ్లోంచి తీరం తొమ్మిది కిలోమీటర్లు. గుంటూరు, విజయవాడల నుంచి పొద్దున బయల్దేరితే ఎండెక్కక ముందే చేరవచ్చు. హైదరాబాదు వాళ్లు రాత్రి రైలెక్కితే చాలు. విశాఖను పక్కన పెడితే, తెలంగాణకూ మధ్య కోస్తాకూ ఇంత అందుబాటులో ఉన్న తీరాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు: సూర్యలంక, చీరాల పక్కన వాడరేవు, రామాపురం, బందరు దగ్గర మంగినపూడి, నరసాపురం వైపు పేరుపాలెం. లక్షలమందికి వారాంతం అంటే గుర్తొచ్చేవి ఇవే. కానీ ఒడ్డున ఉన్న గదులు ఎన్ని? సూర్యలంకలో పర్యాటక శాఖ వారి హరిత రిసార్టు, కొన్ని ప్రైవేటు రిసార్టులు, చిన్నాచితకా గెస్ట్‌హౌసులు. శనివారం వచ్చిందని గదులు పెరగవు. జనం మాత్రం ఒకటి రెండు రాత్రుల మీదే విరుచుకుపడతారు. మిగతా రాత్రుల్లో చాలా గదులకు తాళాలే. గది ఖాళీగా ఉన్నా యజమానికి వాచ్‌మన్ జీతం తప్పదు, అప్పు తీసుకుని కట్టి ఉంటే వడ్డీ తప్పదు, ఉప్పుగాలికి తుప్పు పట్టే కిటికీ ఊచలకూ ఏసీలకూ మరమ్మతు తప్పదు. ఆదివారం సాయంత్రం దాటాక ఆయన బేరానికి దిగేది అందుకే. శనివారం మధ్యాహ్నం అదే మనిషి అదే గదికి పైసా తగ్గించడు. అలాగని ఆయన్ని తిట్టుకుని లాభం లేదు. వారమంతటి ఖర్చును ఆ రెండు రాత్రుల్లోనే రాబట్టుకోవాలి మరి.

వారంలో ఏ రోజన్నది ఒక లెక్క. ఏడాదిలో ఏ నెలన్నది ఇంకో లెక్క, ఇది మరికాస్త చిక్కు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం, బంగాళాఖాతంలో తుపాన్లు పుట్టే కాలం. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన, 2014 అక్టోబరు 12న విశాఖను చీల్చిన హుద్‌హుద్, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటిన మిచాంగ్, అన్నీ ఈ మూడు నెలల్లోనివే. విచిత్రమేమంటే కార్తీక మాసపు సముద్ర స్నానాలూ వనభోజనాలూ కూడా ఈ కాలంలోనే వస్తాయి. అంటే వాతావరణాన్ని అన్నిటికన్నా తక్కువ నమ్మగలిగిన నెలల్లోనే తీరానికి జనం పోటెత్తుతారు. కార్తీక పౌర్ణమి నాడు సూర్యలంకలో చవక గది వెతకడం వృథా ప్రయాస. ఈ నెలల్లోనే వెళ్లక తప్పదంటే పూర్తి డబ్బు ముందే కట్టవద్దు. తుపాను హెచ్చరిక వస్తే అడ్వాన్సు తిరిగిస్తారా, లేక వేరే తేదీకి మారుస్తారా అన్నది అడిగి, జవాబును వాట్సాప్‌లో రాయించుకోండి. సంక్రాంతి సందడి సద్దుమణిగాక, శివరాత్రి లోపు వచ్చే మామూలు పనిదినాలు అన్ని విధాలా అనుకూలం. వాన ఉండదు, ఉక్క ఉండదు, రాత్రి ఫ్యాను చాలు కాబట్టి ఏసీకి డబ్బు పెట్టనక్కర్లేదు. అయితే మాఘం పెళ్లిళ్ల కాలం. ముహూర్తం బలంగా ఉన్న రోజున చీరాల, బాపట్ల లాడ్జీలను పెళ్లివారు గంపగుత్తగా తీసేసుకుంటారు. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం, మాఘ పౌర్ణమికి సముద్ర స్నానాలు కూడా ఉంటాయి. గది బుక్ చేసే ముందు పంచాంగం ఒకసారి తిరగేయడం, మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా, జేబుకు మంచిది.

ఇదంతా ఎవరికి వీలవుతుంది, ఉద్యోగాలున్నవాళ్లకు శని ఆదివారాలే కదా, పిల్లలకు వేసవి సెలవులే కదా అనవచ్చు. న్యాయమైన అభ్యంతరమే. మంగళవారాలన్నీ ఖాళీగా ఉండే కుటుంబాలు ఎక్కడున్నాయి? కానీ పూర్తి వారం దొరక్కపోయినా ఒక రోజు అటూ ఇటూ జరపడం చాలామందికి సాధ్యమే. శనివారం వెళ్లి ఆదివారం రావడానికి బదులు, ఆదివారం సాయంత్రం చేరి సోమవారం ఉండి ఆ రాత్రి రైలెక్కితే ఖర్చయ్యేది ఒక్క సెలవు. జనమంతా తిరుగుముఖం పట్టే వేళకు మీరు దిగుతారు. పిల్లల సెలవుల్లోనే వెళ్లాలన్నా ఆ సెలవుల్లోనూ సోమవారం నుంచి గురువారం దాకా రోజులుంటాయి, వాటిని ఎంచుకోవచ్చు. ఇక నడి వేసవి గురించి మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి. సముద్రం పక్కన చల్లగా ఉంటుందన్నది మే నెలలో సగమే నిజం. పడమటి నుంచి వేడిగాలి గట్టిగా వీచిన రోజున సముద్రపు గాలి ఒడ్డు దాటి లోపలికి రావడం ఆలస్యమవుతుంది. అలాంటి రోజుల్లో ఒంగోలు, బాపట్ల, బందరు కూడా మాడిపోతాయి. ఆ కాలంలో ఏసీ లేని చవక గది తీసుకుంటే రాత్రి నిద్ర ఉండదు, ఏసీ గది తీసుకుంటే అది చవక కాదు.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. అసలు రాత్రి ఉండటం ఎందుకు? పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేస్తే గది అద్దె మొత్తం మిగులుతుంది కదా? డబ్బు వరకే చూస్తే దీనికి జవాబు లేదు. కానీ మనది తూర్పు తీరం. సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, భూమి మీదే అస్తమిస్తాడు. జనవరిలో ఆరున్నర దాటాక, మేలో ఐదున్నర ప్రాంతంలో జరిగే ఆ ఉదయాన్ని చూడాలంటే అప్పటికే ఒడ్డున ఉండాలి. వేటకు వెళ్లిన పడవలు ఒడ్డుకు చేరడం, వలలు దులపడం, చేపల పాట, ఇవన్నీ కూడా పొద్దుటి పనులే. పొద్దున ఇంటి దగ్గర బయల్దేరినవాళ్లు తీరంలో గడిపేది పదకొండు నుంచి నాలుగు దాకా. కాళ్లు కాలే ఇసుక, కళ్లు మిరుమిట్లు గొలిపే నీళ్లు, నిలబడ్డానికి నీడ ఉండదు. ఒక్క రాత్రి బసతో ఒక సాయంత్రం, ఒక తెల్లవారుజాము చేతికొస్తాయి. గది అద్దె కట్టేది వాటి కోసమే. మధ్యాహ్నం ఎలాగూ నిద్రపోయే సమయమే కాబట్టి ఆ గది ఎంత సాదాగా ఉన్నా నష్టం లేదు.

సాదా గది సరిపోతుందన్నాం కదా అని ఏదో ఒకటి తీసుకోమని కాదు. సముద్రం కనిపించే గదికి ఎక్కువ అడుగుతారు. గాలి బాగా వస్తుందన్న ఆశతో ఇచ్చేస్తాం. కానీ ఆ ఆశ పగటి వేళకే సరి. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది కాబట్టి గాలి నీటి మీంచి ఒడ్డుకు వీస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లారుతుంది, అప్పుడు గాలి ఒడ్డు నుంచి నీటి వైపు మళ్లుతుంది. అంటే మీరు పడుకునే వేళకు సముద్రం వైపు కిటికీకి గాలి తగిలే అవకాశం తగ్గుతుంది. ఎదురెదురుగా రెండు కిటికీలు, లేదా కిటికీకి ఎదురుగా తలుపు ఉన్న వెనక గదే మేలు, అద్దె కూడా తక్కువ. గాలికన్నా ముందు చూడాల్సింది నీళ్లు. ఒడ్డున బోరు లోతుగా వేస్తే ఉప్పునీళ్లు పడే ప్రమాదం ఉంది. ఇసుకలో పైపైన చెలమ తవ్వితే చాలాచోట్ల మంచినీళ్లే ఊరతాయి. అలల్లో స్నానం చేసి వచ్చి మళ్లీ ఉప్పునీళ్లే పోసుకుంటే సబ్బు నురగ రాదు, ఒంటి జిడ్డు పోదు. ‘కుళాయిలో వచ్చేవి ఉప్పునీళ్లా, మంచినీళ్లా?’ అన్నది ఫోన్లో మొదట అడగాల్సిన ప్రశ్న. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతుందా అన్నది రెండోది. చెకౌట్ దిగిన వేళ నుంచి 24 గంటలా, లేక ఎప్పుడు దిగినా మధ్యాహ్నం 12కేనా అన్నది మూడోది. సాయంత్రం చేరేవాళ్లకు ఈ తేడాతో సగం రోజు పోతుంది. పన్ను విషయం కూడా తెలిసి ఉండాలి. రోజుకు 7,500 రూపాయలు మించని గదుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం బదులు 5 శాతమే. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న గెస్ట్‌హౌస్ మామూలుగా జీఎస్టీ కింద నమోదు కానక్కర్లేదు. నమోదు కాని చోట పన్ను పేరుతో వసూలు చేయకూడదు. బిల్లులో జీఎస్టీ వేస్తే దాని మీద నంబరుందో లేదో చూడండి.

ఊళ్లో లాడ్జి చవక కదా, అక్కడ దిగి తీరానికి వెళ్లొస్తే సరిపోదా అన్న ఆలోచన కూడా సహజమే. దీనికి జవాబు చెప్పేదీ తేదీయే. లెక్క కోసం ఊళ్లో గది 900, ఒడ్డున 1,500, ఆటో ఒక దఫాకు 200 అనుకుందాం. సాయంత్రం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి వెళ్లి రావాలంటే నాలుగు దఫాలు, 800 రూపాయలు. తొమ్మిది వందల గది పదిహేడు వందలైంది. షేర్ ఆటో ఎక్కితే తగ్గుతుందంటారా? పగటిపూట దొరికినా ఐదింటికి, చీకట్లో దొరకదు. అందువల్ల మామూలు రోజుల్లో ఒడ్డునే దిగడం లాభం. శనివారం ఒడ్డున అదే గది మూడు వేలకు ఎగబాకితే లెక్క తారుమారై ఊళ్లో లాడ్జి నెగ్గుతుంది. ఒక్కరే వెళితే ఒక రకం, నలుగురు కలిసి వెళితే ఇంకో రకం. ఈ అంకెలు తీసేసి మీ అంకెలు వేసుకోండి, కూడిక మాత్రం ఇదే.

తిండి దగ్గర చాలామంది లెక్క తప్పుతుంది, అదీ తేదీ వల్లే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. అప్పుడు సముద్రంలోకి వెళ్లేవి చిన్న తెప్పలూ నాటు పడవలే. తాజా వంజరం, చందువ తినాలని పిల్లల్ని వెంటబెట్టుకుని సరిగ్గా వేసవి సెలవుల్లో వెళ్లే కుటుంబాలకు ఒడ్డున దొరికేది కొద్దిపాటి సరుకు, దాని ధర ఎక్కువ. హోటల్లో పళ్లెంలోకి వచ్చేది ఐసు పెట్టెలోదో చెరువుదో కావచ్చు. నిషేధం లేని నెలల్లో పొద్దున్నే ఒడ్డున కొని, గెస్ట్‌హౌస్‌లో వంట చేసి పెట్టే మనిషికి కూలీ, సామాను డబ్బు ఇచ్చి వండించుకుంటే నలుగురి భోజనం చాలాచోట్ల రిసార్టు హోటల్లో తినేదానికన్నా చవకగా తేలుతుంది. అలా వండిపెట్టే వీలుందో లేదో గది బుక్ చేసేటప్పుడే అడగాలి. కొన్నిచోట్ల మాంసాహారం గదుల్లోకి తేనివ్వరు కూడా.

పనిదినాల్లో వెళ్లమనడంలో ఒక నిజమైన ఇబ్బంది ఉంది, దాన్ని దాటవేయకూడదు. జనం లేనప్పుడు సాయానికీ మనిషి ఉండడు. సూర్యలంకలోనూ ఇతర తీరాల్లోనూ నీళ్లలో కొట్టుకుపోయిన ఘటనలు చాలానే ఉన్నాయి. ఒడ్డుకొచ్చిన నీరంతా ఒకచోట పాయలా కూడి వేగంగా వెనక్కి పోతుంటుంది. అలలు విరగకుండా నున్నగా, నిమ్మళంగా కనిపించే చోటు తరచూ అదే. కొత్తవాళ్లు దిగేదీ అక్కడే. మంగళవారం మధ్యాహ్నం అలాంటి చోట దిగితే గజ ఈతగాళ్లు అందుబాటులో ఉంటారన్న నమ్మకం లేదు. కాబట్టి మోకాళ్ల లోతు దాటకుండా, వలలు బాగుచేసుకుంటున్న మత్స్యకారుల్ని ‘ఇక్కడ దిగొచ్చా?’ అని అడిగి దిగాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు, చీకటి పడ్డాక నిర్మానుష్యంగా ఉండే గెస్ట్‌హౌస్ కన్నా యజమాని కుటుంబం అదే ఆవరణలో ఉండే చోటు మేలు. దానికి వంద రెండు వందలు ఎక్కువైనా అది దుబారా కాదు.

తేదీ కుదిరాక రైలు టికెట్ సంగతి. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు, అంతకుముందు 120 రోజులుండేది. సంక్రాంతి తర్వాతి వారానికి వెళ్లాలనుకుంటే నవంబరు రెండో సగంలోనే ఆ తలుపు తెరుచుకుంటుంది. గదికి ఆ తొందర లేదు, పనిదినాలకు వారం ముందు ఫోన్ చేసినా దొరుకుతుంది. ఒక్క సందర్భంలో తప్ప. అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో వచ్చిన బంధువులు వెంట ఉండి, వాళ్లది విదేశీ పాస్‌పోర్టైతే, వాళ్లు దిగిన 24 గంటల్లో లాడ్జి యజమాని వాళ్ల వివరాలను ప్రభుత్వానికి దాఖలు చేయాలి. ఆ పని అలవాటు లేని చిన్న గెస్ట్‌హౌసులు అర్ధరాత్రి గుమ్మం దగ్గర కాదనగలవు. ఆ మాట ముందే చెప్పి, సరేనన్న చోటే అడ్వాన్సు కట్టండి.